ఆడిట్‌కు ముందు ఆడిట్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఇక్కడ లెక్కలు చదువుతాం, మీరు చప్పట్లు కొడతారు, అందరం దస్తర్‌ఖాన్ దగ్గరికి లేస్తాం. ఈసారి ముందు మా తప్పులు చెబుతాం.

మన హైదరాబాదు కంపెనీయే సత్యం కంప్యూటర్స్. మంచి పాలనకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని లేఖ రాశారు. ఆడిటర్లు లేకపోలేదు, పేరున్న సంస్థే ఉంది. కానీ బ్యాంకు నిల్వలకు రుజువుగా కంపెనీ చేతి మీదుగా వచ్చిన కాగితాలనే నమ్మారు.

"వాళ్లతో మనకు పోలికేమిటి భాయ్" అని కమిటీలో ఒకరు నవ్వారు. మా ఆడిటర్‌కు కూడా కాగితాలన్నీ మేమే ఇస్తాం కదా!

అందుకే రంజాన్ తర్వాత, అసలు ఆడిట్‌కు ముందే, మాక్ ఆడిట్ పెట్టుకున్నాం. మాకు చుట్టమూ సభ్యుడూ కాని ఒక అకౌంటెంట్‌ను పిలిచాం. ఏ రోజు వస్తారో చెప్పవద్దన్నాం. బ్యాంకు నిల్వ వివరాలు బ్యాంకు నుంచి నేరుగా ఆయనకే వెళ్లేలా ఉత్తరం ఇచ్చాం. అవి సరిపోయాయి. ఒక రసీదు పుస్తకం కనిపించలేదు. వలంటీర్ స్కూటర్ డిక్కీలో దొరికింది. కుట్టుశిక్షణ కేంద్రం పైకప్పు మరమ్మతుకు జకాత్ ఖాతా నుంచి డబ్బు తీశాం. అది హక్కుదారుల సొమ్ము. చందాల ఖాతా నుంచి తిరిగి జమ చేశాం.

అసలు బాధ కలిగించింది వేరే. పెన్షన్ రిజిస్టర్‌లో అన్ని వేలిముద్రలూ ఉన్నాయి. ఆయన అంతటితో ఊరుకోక, కొన్ని ఇళ్లకు వెళదామన్నారు. యాకుత్‌పురా గల్లీలో ఒక బేవా తలుపు తీసి, "రెండు నెలలుగా రాలేదు బేటా, మీరు ఆపేశారనుకున్నాను" అంది. ఆమె పేరు చెప్పి బంధువొకరు తీసుకెళుతున్నారు. వేలిముద్ర ఎవరిదని మేం ఎన్నడూ చూడలేదు. ఆమె ఒక్కసారి కూడా ఆఫీసుకు వచ్చి అడగలేదు, అడగడానికి సిగ్గుపడింది. ఆ రెండు నెలల సొమ్ము మర్నాడే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాం. ఇప్పుడు ప్రతి నెలా కొన్ని ఇళ్లకు చెప్పకుండా వెళుతున్నాం.

ఇంకొక మాట. 2,000 రూపాయలు దాటిన నగదు చందాకు పన్ను మినహాయింపు రాదు. దయచేసి చెక్కు గానీ యూపీఐ గానీ వాడండి.

వచ్చే మాక్ ఆడిట్‌లో ఇళ్లకు వెళ్లడానికి దాతల్లోంచి ఇద్దరు కావాలి. కమిటీ వాళ్ల బంధువులు వద్దు. మగ్రిబ్ లోపల పేర్లు ఆఫీసులో ఇవ్వండి.