శ్వాసపరీక్ష – నిరాకరణము



మన వార్షికసభలలో విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. నేను న్యాయవాదిని గావున రుచింపని విషయ మొకటి తెచ్చితిని. త్రాగి వాహనము నడపుచున్నాడను ననుమానముతో పోలీసువారు ఆపి, యంత్రములో నూదుమన్నప్పుడు ఊదవలెనా, మానవలెనా యనునదియే యా విషయము.

నిరుడు ఒకరాత్రి మన సంఘపు పెద్దయొకరు టెలిఫోను చేసి, "వకీలుగారూ, మావాణ్ణి ఆపినారు. ఊదవద్దని చెప్పినాను. మీరొక మాట చెప్పి విడిపించవలెను" అనిరి. ఇట్టి పిలుపులు మన పోషకులలో పలువురకు వచ్చుచుండును; నే నెవరిని నిందించుటలేదు.

అయితే చట్ట మేమనుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 203వ సెక్షను ప్రకారము, త్రాగెనని యనుమానించుటకు తగిన కారణ మున్నయెడల, ఊదనన్నవానిని వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. స్టేషనులో మరల ఊదుట కవకాశ మీయవలెను. అప్పుడును కాదన్నచో 204వ సెక్షను క్రింద రక్తము నడుగవచ్చును. తగిన కారణము చూపని నిరాకరణమును ప్రాసిక్యూషను సాక్ష్యమునకు బలముగా గ్రహింపవచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది. తనపై తాను సాక్ష్య మిచ్చుకొన నక్కరలేదు గదా యని చదువుకొన్న యువకు లడుగుదురు. మంచి ప్రశ్నయే. కాని వ్రేలిముద్రలు, చేవ్రాత నమూనాలు ఇచ్చుట అట్టి సాక్ష్యము కాదని 1961లో కాఠీ కాలూ ఓఘడ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఊపిరికిని ఆ న్యాయమే వర్తించునని నా తలంపు.

ఆల్కహాలు కలిసిన మందు పుక్కిలించినవా డామాట చెప్పి, నోరు కడుగుకొని, పావుగంట తాళి ఊదెదనని కోరవచ్చును. క్రొత్త గొట్టమును, అంకెగల చీటిని అడుగుటయు సబబే. అది నిరాకరణము కాదు.

నేను స్టేషనునకు పోతిని. కొలత లేనిచో వాదమునకు కొంత చోటుండునని వకీలుగా నెరుగుదును. అయినను ఆ యువకునితో "ఊదుము నాయనా" అంటిని. నూరు మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు చట్టపు హద్దు. యంత్రము 84 చూపినది. కొడుకు త్రాగునని తండ్రి యెరుగడు. ఆ చీటిని రెండుమారులు చదివి, బల్లపై కూర్చుండెను. తరువాత 2019 సవరణ ప్రకారము 10,000 రూపాయల జరిమానా పడినది.

ఆ బల్ల రెండవ కొనను పదునాలుగేండ్ల బాలిక యొకతె నిదుర తూగుచుండెను. ఆయన కూతురే, అన్నతో ఆ కారులో వచ్చినది. టెలిఫోనులో తండ్రి యామె మాటయే యెత్తలేదు, నేనును అడుగలేదు.