అల్లం, బెల్లం ఎందుకు కొట్టుకున్నాయి?

పోయిన నెల వీడియోల్లో నా కుడి చేతి మీద గాట్లు చూసి "బ్రో, బైక్ మీంచి పడ్డావా?" అని చాలామంది అడిగారు. బైక్ కాదండి, మా పిల్లి కరిచింది. అది కూడా నా మీద కోపంతో కాదు. ఇవాళ ఆ కథ చెప్తా. ఇంట్లో రెండు పిల్లులున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చూడండి. ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలియక మేము ఒక పిల్లిని వదిలేసి వచ్చేవాళ్ళం.

మా ఇల్లు ఏలూరులో. పిల్లుల పేర్లు అల్లం, బెల్లం. అల్లం మగది, బెల్లం ఆడది. తాడేపల్లిగూడెంలో మా పెద్దమ్మ వాళ్ళ మెట్ల కింద రెండూ ఒకే ఈతలో పుట్టాయి. మూడేళ్ళ క్రితం, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చిన కొత్తలో, అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చా. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు కూడా అయ్యాయి. ఒకే గిన్నెలో తింటాయి, ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని పడుకుంటాయి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా గట్టిగా కొట్టుకోలేదు.

ఒక ఆదివారం సాయంత్రం హాల్లో వీడియో షూట్ చేస్తున్నా. రెండూ నా వెనక కిటికీ దగ్గర కూర్చున్నాయి. ఉన్నట్టుండి అల్లం ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచాయి. ఒక్క అరుపు అరిచి పక్కనున్న బెల్లం మీద పడింది. ఆట కాదండి అది. బొచ్చు ఊడి ఎగురుతోంది. బెల్లం భయంతో ఉచ్చ పోసేసుకుంది. అప్పుడు నేను రెండు తప్పులు చేశా. ఒకటి, మధ్యలో చెయ్యి పెట్టా. అందుకే ఈ గాట్లు. రెండు, చీపురు తీసి అల్లాన్ని ఒక్కటి వేశా. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందంటారు కదా, అదే అయింది. ఇంకా రెచ్చిపోయింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మన ఇంటి పిల్లే కదా అని కరిస్తే ఊరుకోకండి. వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుక్కోవాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ కుక్కల వల్లే కాదు, పిల్లుల వల్ల కూడా రావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితం. నాకు 0, 3, 7, 28 రోజుల్లో వేశారు. రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ అని ఇంకో మందు కూడా గాయం చుట్టూ వేస్తారు. పిల్లి పళ్ళు సూదుల్లా ఉంటాయి కాబట్టి పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల మాత్రం చీము పట్టేస్తుంది.

సరే, కథలోకి వస్తే, గొడవ ఆ రాత్రితో ఆగలేదు. బెల్లం బీరువా వెనక దూరింది, తిండి కూడా అక్కడికే. బయటికి వస్తే చాలు, అల్లం గుర్రుమంటూ వెంటపడుతోంది. మూడో రోజు నాన్న తేల్చేశారు. "ఒరేయ్, ఇవి రెండూ ఇక ఒక ఇంట్లో బతకవురా. బెల్లాన్ని బాబాయి చెరువు దగ్గర వదిలేద్దాం. కొల్లేరులో చేపలకి కొదవా?" బాబాయికి కైకలూరు వైపు చేపల చెరువుంది. నాన్న గోనెసంచి కూడా తీసి పెట్టారు. నిజం చెప్పాలంటే నేనూ సరేనన్నా. అమ్మ ఒక్కతే ఏమీ మాట్లాడలేదు.

చెరువు గట్టు మీద చేపలుంటాయి, నిజమే. కానీ కాపలా కుక్కలు కూడా ఉంటాయి. మంచం మీద పెరిగిన పిల్లికి వేటా రాదు, దాక్కునే చోటూ తెలీదు. ఇది నాకు తర్వాత తట్టింది.

ఆ రాత్రి ఆదివారం నాటి వీడియో ఎడిట్ చేస్తున్నా. నేను మాట్లాడుతున్నా, వెనక కిటికీ కనిపిస్తోంది. అల్లం దూకిన క్షణానికి కొంచెం వెనక్కి జరిపి చూశా. కిటికీ బయట, ప్రహరీ గోడ మీద, పెద్ద గండుపిల్లి! నేరుగా అల్లం కళ్ళలోకి చూస్తోంది. కోడింగ్ చేసేవాళ్ళకి తెలుసు, ఎర్రర్ చూపించిన లైన్‌లోనే బగ్ ఉండాలని లేదు. మేం మూడు రోజులుగా తప్పు లైన్‌నే చూస్తున్నాం.

దీన్ని ఇంగ్లీషులో రీడైరెక్టెడ్ అగ్రెషన్ అంటారు. మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పారు, అత్త మీద కోపం దుత్త మీద అని. గోడ మీద గండుపిల్లిని అల్లం అందుకోలేదు, మధ్యలో కిటికీ ఉంది. ఆ కోపం, భయం పక్కనున్న బెల్లం మీద పడ్డాయి. 2008లో స్పెయిన్ వెటర్నరీ పరిశోధకులు ఇలాంటి కేసులు చూస్తే ఎక్కువగా రెండే కారణాలు కనిపించాయి. ఒకటి గట్టి శబ్దం, రెండోది వేరే పిల్లి. అంటే మనకి దీపావళి రాత్రి కూడా రిస్కే.

మరి గండుపిల్లి వెళ్ళిపోయాక కూడా గొడవెందుకు? బెల్లానికి గండుపిల్లి సంగతి తెలీదు. తనని కొట్టింది అల్లమే. అందుకే అల్లాన్ని చూస్తే ఒళ్ళు ముడుచుకుని బుసకొడుతుంది. ఆ బుస విని అల్లం మళ్ళీ ఉలిక్కిపడుతుంది. ఒకదాని భయం ఇంకోదాన్ని రెచ్చగొడుతూ ఉంటుంది.

మర్నాడు అల్లాన్ని పశువుల డాక్టర్ గారికి చూపించా. మంచిగా ఉండే పిల్లి ఒక్కసారిగా తిరగబడితే పంటి నొప్పి, కీళ్ళ నొప్పి లాంటివి కూడా కారణం కావచ్చు. మగపిల్లి ఉచ్చ పోయలేక ముక్కుతుంటే అది ఎమర్జెన్సీ, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. మీ ఊళ్ళో డాక్టర్ లేకపోతే మన వైపు వాళ్ళకి గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. నొప్పేమో అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం వేయకండి, పిల్లులకి అది విషం.

అల్లానికి జబ్బేమీ లేదన్నారు. కానీ ఇంటికి రాగానే ఈసారి బెల్లం దాని మీదకి వచ్చింది! పిల్లులు ఒకదాన్నొకటి ఎక్కువగా వాసనతోనే గుర్తుపడతాయి. అల్లం నుంచి క్లినిక్ మందుల వాసన వస్తోంది, బెల్లం దృష్టిలో అది ఎవరో కొత్త పిల్లి. అందుకే డాక్టర్ దగ్గరి నుంచి వచ్చిన పిల్లిని కొన్ని గంటలు వేరే గదిలో ఉంచాలి.

ఇక మేం ఏం చేశామో చెప్తా. రెండింటినీ వేరు వేరు గదుల్లో పెట్టాం. తిండి, నీళ్ళు, ఇసుక ట్రే, అన్నీ రెండేసి. కొన్ని రోజులు అసలు ఒకదానికొకటి కనిపించనివ్వలేదు. తర్వాత ఒకటి పడుకున్న గుడ్డ ఇంకోదాని గదిలో వేశాం. గుడ్డ చూసి బుసకొట్టడం మానేశాక, మూసిన తలుపుకి అటొకటి ఇటొకటి గిన్నె పెట్టాం. మొదట దూరంగా, రోజూ కొంచెం దగ్గరగా. ప్రశాంతంగా తింటున్నాయి అనిపించాక తలుపు బెత్తెడు తెరిచాం. ఎవరైనా గుర్రుమంటే మళ్ళీ ఒక మెట్టు వెనక్కి. కొట్టుకుంటే విడదీయడానికి చెయ్యి కాదు, మధ్యలో అట్టముక్కో దిండో. తిట్టడం, కొట్టడం అసలు లేదు. కొన్ని జంటలకి రెండు రోజులు చాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. మావాటికి 17 రోజులు పట్టింది.

ఇంకో ప్రశ్న మిగిలింది, గండుపిల్లి ఎందుకొచ్చింది? ఆ ఆదివారం బాబాయి చెరువు నుంచి బొచ్చెలు తెచ్చాడు. పెరట్లో కోసి, పొలుసులు, పేగులు గోడ పక్కనే పడేశాం. వాసనకి అది వచ్చింది. అంటే పిలిచింది మేమే. ఇప్పుడు చేపలు బయటే కోయించుకుని తెస్తున్నాం.

18వ రోజు పొద్దున లేచి చూస్తే అల్లం బెల్లం చెవులు నాకుతోంది. నాన్న కాసేపు చూసి, ఏమీ అనకుండా ఆ గోనెసంచి తీశారు. నా గుండె ఝల్లుమంది. ఆయన దాన్ని నిలువునా కోసి, కిటికీ ఊచలకి కింద సగం కట్టేశారు, గోడ మీద ఎవరొచ్చినా కనపడకుండా. ఇదిగో, నా వెనక కనిపిస్తోంది కదా, అదే.

మీ ఇంట్లో పిల్లులు కొట్టుకుంటుంటే ఆ వారంలో ఏ నిర్ణయమూ తీసుకోకండి. ముందు విడదీయండి, తర్వాత కిటికీలోంచి బయటికి చూడండి. మీ పిల్లుల పేర్లు కామెంట్లలో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా.