సైన్యం నుంచి ఇంటికి వచ్చిన మనిషి: కుటుంబం తెలుసుకోవలసినవి

(రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగం)



మన గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి ఎందరో సైన్యంలో చేరారు. 1987-90లో శ్రీలంకకు, 1999లో కార్గిల్‌కు వెళ్లిన మన సైన్యంలో తెలుగువారూ ఉన్నారు. జవాన్లలో చాలామంది నలభై ఏళ్లు దాటకముందే పెన్షన్‌తో ఇంటికి వస్తారు. ఊరు దండ వేసి ఆహ్వానిస్తుంది. కొన్ని ఇళ్లలో మాత్రం ఆరు నెలలకు భార్య మెల్లగా అంటుంది: "మనిషి వచ్చాడు గానీ, మనసు ఇంకా అక్కడే ఉంది."

రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాడు. పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలితే వణికిపోతాడు. మిరప కోతకు కూలీలు గుంపుగా వస్తే చేను వదిలి వెళ్లిపోతాడు. చిన్న మాటకే పిల్లల మీద కేకలేస్తాడు. తోటివాడు చనిపోయి తాను బతికానని లోలోపల కుమిలిపోతాడు.

ఇది పిరికితనం కాదు, గాలి సోకడం కాదు. యుద్ధభూమిలో చిన్న శబ్దానికే కదిలినవాడు బతుకుతాడు. ఏళ్ల తరబడి నేర్చిన ఆ కాపలాను శరీరం ఇంటికి వచ్చినా దిగదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని 'షెల్ షాక్' అన్నారు. వియత్నాం నుంచి తిరిగి వచ్చిన సైనికుల బాధలు చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని పి.టి.ఎస్.డి. అనే పేరుతో జబ్బుగా గుర్తించింది. ఈ లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యునికి చూపించండి.

ఇంట్లో మీరు చేయవలసినవి:

1. "అక్కడ ఏం జరిగింది?" అని గుచ్చి గుచ్చి అడగవద్దు. తానుగా చెప్పినప్పుడు ఓపికగా వినండి.

2. నిద్రలో కేక వేస్తే పట్టుకుని కుదపవద్దు. కాస్త దూరంగా నిలబడి పిలిచి, ఇంట్లోనే ఉన్నారని చెప్పండి.

3. నిద్ర కోసం సారాయిని నమ్ముకుంటే జబ్బు ముదురుతుంది. మందుల షాపులో నిద్రమాత్రలు సొంతంగా కొనవద్దు.

4. పత్తికి, మిరపకు కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచవద్దు. ఇది అన్నిటికంటే ముఖ్యం. అనుమానం వస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

5. డాక్టరు ఇచ్చిన మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మాటలతో చేసే చికిత్స కూడా అవసరం. ప్రార్థన చేయండి, కానీ మాత్రలు ఆపవద్దు.

ఖర్చు గురించి భయపడి ఆగిపోకండి. పెన్షన్ పొందే మాజీ సైనికులకు, వారిపై ఆధారపడినవారికి 2003 నుంచి ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం ఉంది. వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

చివరగా అక్కాచెల్లెళ్లకు ఒక మాట. జబ్బు ఉంది కదా అని దెబ్బలు భరించనవసరం లేదు. చెయ్యి చేసుకుంటే పిల్లలతో పుట్టింటికో, పొరుగింటికో వెళ్లి సాయం అడగండి. మీకూ నిద్ర కావాలి, మీ బాధ వినే మనిషీ కావాలి. అతని కోసం వచ్చినప్పుడు మీ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

ఊరు వేసిన దండ ఒక్కరోజుకే వాడిపోతుంది. అతను కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. కానీ సకాలంలో చికిత్స అందితే చాలామంది మళ్లీ పొలానికి, పనికి, పిల్లల దగ్గరికి వస్తారు. సెలవు.