మల్లెకు పస్తు, మందారమునకు పోషణ

ఒకే పెరటిలో, ఒకే గోడప్రక్కన, మల్లెపొదయు మందారపు మొక్కయు కలిసి పెరుగుట తెలుగు ఇండ్లలో అరుదైన సంగతి కాదు. ఉదయము పూజకు మందారము, సాయంకాలము జడకు మల్లె. రెండింటిని ఒకే చేయి నాటును. ఒకే చెంబు నీరు పోయును. ఎరువు వేసినను రెండింటికిని సమానముగనే వేయును. ఇద్దరు బిడ్డలను ఒక్కతీరున చూచు తల్లి మనస్సది. కాని ఫలితము మాత్రము ఒక్కతీరున నుండదు. మందారము ఏడాది పొడుగునను పూయుచునే యుండును. మల్లె గుబురుగా, పచ్చగా, కన్నులకు నిండుగా పెరిగి, తీరా వేసవి వచ్చుసరికి నాలుగు మొగ్గలు తొడిగి ఊరకుండును. "ఆకు బాగుగనే యున్నది, పూవు లేదేమి?" అను ప్రశ్న మాకు చేరు ఉత్తరములలో ఏటేట చైత్రమాసమున కనబడుచునే యుండును. నేటి ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానము.

ముందుగా పేర్ల మాట. మేము మల్లె యనునది గుండుమల్లె, దొంతరమల్లె యని అంగళ్ళలో మూరల లెక్కన అమ్ము పూవును. జాజి, కాగడామల్లె దీని చుట్టములే గాని వాని నడవడి వేరు. వాని జోలికి నేడు పోము. మందారమనగా ఎర్రని అయిదు రేకుల పూవు పూయు పెరటి మొక్క. కొన్ని సీమలలో దీనినే దాసాని యందురు. పురాణములలోని మందారము దేవతల తోటలోని వృక్షము. మన పెరటి మొక్కకు సంస్కృతమున జపాకుసుమమని పేరు. పోతనగారి మందారమును మన పెరటి పూవును ఒకటిగా తలచి పద్యము చదువుకొని ఆనందించువారిని వారించుటకు మాకు మనసొప్పదు. శాస్త్రము అడిగినచో మాత్రము వేరని చెప్పక తప్పదు. 1753లో లినేయసు దీనికి 'చైనా గులాబి' అను అర్థము వచ్చునట్లు నామకరణము చేసెను. ఫిలిప్పీన్సు వారు 1934లో మల్లెను, మలయా వారు 1960లో మందారమును తమ జాతీయ పుష్పములుగా ఎన్నుకొనిరి. గౌరవమున రెండును సమానములే.

ఇక అసలు విషయము. రెండు మొక్కలును కొత్త చిగురు మీదనే పూయును. ముదురు కొమ్మ మీద పూవు నాశింపరాదు. భేదమంతయు ఆ చిగురు వచ్చు తీరులో నున్నది. మందారపు చిగురు ఎడతెగనిది. కొమ్మ సాగిన కొలది ఆకుపంచలలో మొగ్గలు పుట్టుచుండును. నేడు విచ్చిన పూవు రేపటికి ముడుచుకొని రాలును. దానికి పైనున్న ఆకు ప్రక్కన మరియొకటి సిద్ధముగా నుండును. ఇది నిత్యాన్నదాన సత్రము వంటిది. పొయ్యి ఆరినచో పంక్తి ఆగిపోవును. కనుక నీరుగాని ఎరువుగాని దీనికి తెగిపోరాదు.

మల్లె స్వభావము అట్టిది కాదు. చలికాలమున నీరు తగ్గి, ఆకు రాలి, మొక్క కొంతకాలము నిద్రింపవలెను. ఆ నిద్ర తరువాత ఎండ వేడి సోకగానే చిగుళ్ళన్నియు ఒక్కమారుగా లేచి, కొనలయందు గుత్తులుగా మొగ్గ తొడుగును. ఆ విశ్రాంతి లేనిచో మొక్క చావదు. ఆకులు వేయుచునే యుండును. పచ్చదనము చూచి మనము సంతోషింతుము, మరికొంత నీరు పోయుదుము. ప్రేమతోనే మల్లెను గొడ్డుపోవునట్లు చేయుట అనగా నిదియే.

మా వీధిలో ఒక ఇంట ఇట్టిదే జరిగినది. స్నానాల గది నీరు కాలువ వెంట వచ్చి ఏడాది పొడుగునను మల్లెపాదులో నిలిచెడిది. మూడు వేసవులు పొద నిండ ఆకేగాని, దోసెడు పూలు లేవు. తోటపని చేయువాడు గునపము తెచ్చి, "ఇది గొడ్డుమల్లెండి అమ్మగారూ, పీకేసి వేరే అంటు పెట్టుకుందాం" అనెను. ఆ పెద్దావిడకు మాత్రము చేయి రాలేదు. అది కీర్తిశేషులైన ఆమె అత్తగారు నాటిన మొక్క. "ఒక్క ఏడు చూద్దాంలేరా" అని కాలువను మందారము వైపు మళ్ళించి, కార్తికము వెళ్ళినది మొదలు పొదకు చుక్క నీరు పోయనీయలేదు. కనుమ దాటిన పిమ్మట కొమ్మలు కోయించిరి. ఉగాదినాటికి ఆ పొద నిండ మొగ్గలే. దాని ప్రక్కన మందారము కూడ మునుపటికంటె ఏపుగా పూచినది. ఒకదానికి చెరుపు చేసిన నీరే మరియొకదానికి పథ్యమైనది.

పస్తు పెట్టు విధమును కొంచెము వివరముగా చెప్పుదుము. వానలు వెనుకబట్టిన తరువాత, నవంబరు చివరినుండి నీరు తగ్గించి, క్రమముగా ఆపవలెను. ఆకు పసుపెక్కి రాలును; మిగిలిన ఆకును చేతితో దూసివేయవలెను. జనవరిలో, పదునైన కత్తెరతో, నేలనుండి మూరెడు ఎత్తున కొమ్మలను కత్తిరింపవలెను. ఎండినవి, సన్ననివి, ఒకదానిమీద నొకటి పడి రాచుకొనునవి మొదలంట తీసివేయవలెను. ఇచ్చట చాలమందికి చేయి వణకును. వణకనక్కరలేదు, మిగిలిన మోళ్ళనుండియే వేసవి పూలన్నియు రావలెను. పాదు త్రవ్వి, కొన్ని దినములు ఎండ తగులనిచ్చి, పెరిగిన పొదకు 10 కిలోల వరకు చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు తనివితీర నీరు పెట్టవలెను. జూన్, జూలై నెలలలో మరియొక మారు ఎరువు వేసిన చాలును.

కుండీలలో మల్లె పెంచువారికి ఒక హెచ్చరిక. నేలలోని మొక్క పస్తును ఓర్చినట్లు కుండీలోని మొక్క ఓర్వలేదు; దానికి గల మట్టి పిడికెడు. రెండు మూడు వారములు మాత్రమే నీరు బిగబట్టి, పుల్లలు ముడుతలు పడునట్లు తోచినచో కొద్దిగా తడుపవలెను. పస్తనగా ప్రాణము తీయుట కాదు.

మందారమునకు ఇంత శాస్త్రము అక్కరలేదు గాని, ఏమరుపాటు పనికిరాదు. వేసవిలో దినదినము నీరుండవలెను, కాని పాదులో నిలువరాదు. మూడు దినములు ఎండగట్టి నాలుగవనాడు కుండలతో కుమ్మరించినచో మొగ్గలు విచ్చకయే రాలును; దిష్టి తగిలినదని ఎండుమిరపకాయలు తిప్పుటకు ముందు నీటి వేళలను సరిచూచుకొనుట మేలు. కొమ్మలను మల్లెవలె ఒక్కమారుగా నరుకరాదు. కొనలను అప్పుడప్పుడు త్రుంచినచో ప్రక్క కొమ్మలు వచ్చి పూలు హెచ్చును.

దీనికి ప్రధాన శత్రువు పిండినల్లి. తెల్లని దూదివలె కొనలకు అంటుకొని రసము పీల్చును, ఆకులు ముడుచుకొనును. మొక్క మీద చీమల బారు కనబడినచో పిండినల్లి వచ్చినదో, రానున్నదో అని యెరుగవలెను. అది విడుచు తీపి ద్రవము కొరకు చీమలు దానిని కాపాడును. మొదటి దినములలో నీటిని జోరుగా చిమ్మి కడిగిన చాలును. ముదిరినచో ఆ కొనలు కోసి కాల్చి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను.

మల్లెకు వచ్చు తెగుళ్ళలో మొగ్గ తొలుచు పురుగు చెడ్డది. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, రంధ్రములు పడి రాలును. అట్టివానిని ఏరి నాశనము చేయవలెను. లేత ఆకులు ఈనెలు మాత్రము పచ్చగా నుండి తక్కినది పసుపెక్కినచో అది ఇనుము లోపము. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లినచో తిరిగి పచ్చబడును.

చోటు మాట కూడ చెప్పవలెను. మల్లెకు ఆరు గంటల ఎండ తగ్గరాదు. నీడలో ఎంత పస్తు పెట్టినను పూయదు. మందారము కొంత నీడను ఓర్చును, పూలు మాత్రము తగ్గును. డాబా మీద ఎండ గలవారు మల్లెకుండీని అచ్చటికి ఎక్కించి, మందారమును క్రింద, కుళాయికి దగ్గరగా ఉంచుకొనవచ్చును. ఉదయమున తేనెపిట్టలు ఆ ఎర్రని పూలకు వచ్చుట వంటింటి కిటికీనుండి కనబడును. బజారునకు పోవు మల్లెమొగ్గను తెల్లవారుజాముననే కోయుదురు. ఇంటి జడకైనచో సాయంకాలము విచ్చుటకు కొంచెము ముందు డాబా ఎక్కి కోసికొనిన చాలును.