బరువు మోయువాని ధర్మము

 

ఈ కార్తికమాసమున దేవాలయ ప్రాంగణములో నాలుగు మంచి మాటలు చెప్పుమని ధర్మకర్తలు నన్ను కోరినారు. ఏదైనా ఉపనిషత్తును గూర్చి చెప్పుదునని మీరు భావించి యుందురు. నేనును అట్లే అనుకొన్నాను. కాని సంవత్సరకాలముగా ఒక ప్రశ్న నన్ను వదలక వెంటాడుచున్నది. అడిగినవాడు శాస్త్రము చదివినవాడు కాడు. ఇల్లు మారువారి సామాను కట్టి, లారీ కెక్కించి, క్రొత్త ఇంటికి చేర్చు కంపెనీలో పనిచేయు పిల్లవాడు. "మా పనిలో పుణ్యం ఉంటుందాండి అయ్యగారూ?" అని అతడు అడిగినాడు. ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోయినాను. వేదము చెప్పుకొని బ్రతికినవాడు అడిగినవానికి సమాధానము బాకీ పడుట తగదు. ఆ బాకీని ఈనాడు మీ సమక్షమున తీర్చుకొందును.

జరిగినది మొదటినుండి చెప్పవలెను. గోదావరీ తీరమున ఒక పాఠశాలలో నలువది ఏండ్లు తైత్తిరీయ శాఖను పాఠము చెప్పినాను. నా సహధర్మచారిణి పరమపదించిన పిమ్మట, ఒంటరిగా ఉండవద్దని మా కుమారుడు పట్టుబట్టి హైదరాబాదునకు రమ్మన్నాడు. సామాను చేరవేయుటకు ఒక కంపెనీవారితో మాట్లాడినాడు. తెల్లవారుజామున నలుగురు పిల్లలు లారీతో వచ్చినారు. వారిలో పెద్దవానికి ఇరువది ఐదేండ్లు ఉండవచ్చును. ఉత్తరాంధ్ర పల్లెవాడు.

నా భయమంతయు ఒక్క వస్తువును గూర్చియే. మా తాతగారి నాటి తాళపత్రములు పదునొకండు కట్టలు నా దగ్గర నున్నవి. ఆకులు ఎండి పెళుసెక్కినవి. వంచిన విరుగును. ఆ పిల్లవాడు అల్మారా తలుపు తీయగానే నాకు కోపము వచ్చినది. "వాటి జోలికి రావద్దు! ఏమి మోయుచున్నారో ఎరుగని భారహారులకు వాటి విలువ ఏమి తెలియును?" అని నలుగురి ఎదుట గద్దించినాను. భారహారుడనగా బరువు మోయువాడు. ఆ సంస్కృతపు మాట అతనికి తెలియదు. కాని దానిలోని చులకన తెలిసినది. ముఖము చిన్నబోయినది. అయినను మారుమాట పలుకక, "తాకనండి అయ్యగారూ. ఎలా పెట్టాలో మీరు చెప్పండి. పెట్టె మాత్రం నేను చేసిస్తాను" అన్నాడు.

మడిచిన అట్టలు తెచ్చి, కట్టల కొలత చూచి, వాటికి సరిపోవునట్లు కోసి పెట్టె చేసినాడు. అడుగున గాలిబుడగల కాగితము పరచినాడు. దానిపై నా పాత పట్టుపంచె నొకటి పరచుమన్నాడు. కట్టలను నా చేతులతోనే పెట్టించినాడు. పైన అంకె వేసి, "అయ్యగారి గ్రంథాలు – దీనిమీద ఏమీ పెట్టకూడదు" అని వ్రాసినాడు. పిదప వారి పని చూచుచు కూర్చున్నాను. పుస్తకములు బరువు గనుక చిన్న పెట్టెలలో, దిండ్లు పెద్ద పెట్టెలలో సర్దినారు. గాజు పళ్ళెములను పడుకోబెట్టక అంచుమీద నిలబెట్టినారు. బరువెత్తునప్పుడు నడుము వంచక మోకాళ్ళు వంచి, పెట్టెను ఛాతీకి హత్తుకొని లేచినారు. అది వ్యాయామము కాదు, శాస్త్రమే. పూజామందిరమును విప్పుటకు ముందు, ఏ మూర్తి ఏ దిక్కున నున్నదో సెల్‌ఫోనులో చిత్రము తీసికొన్నారు.

ఆ రాత్రి నా గ్రంథముల పెట్టెను వెనుక సామానులో వేయక, డ్రైవరు ప్రక్కన తన ఒడిలో పెట్టుకొని హైదరాబాదు వరకు వచ్చినాడని తరువాత తెలిసినది. మా కుమారుని ఇల్లు మూడవ అంతస్తు. లిఫ్టులో బీరువా పట్టలేదు. దానిని మెట్లమీదుగా మోసినారు. చివర కాగితము తీసి, డెబ్బది ఒక్క పెట్టెలకు డెబ్బది ఒకటి లెక్క చూపించి సంతకము తీసికొన్నారు. మందిరము తూర్పుముఖముగా, మూర్తులన్నియు తమ తమ స్థానములలో నున్నవి. మా ఇంటి ఇల్లాలు అమర్చినట్లే నున్నవి. నాకు కన్నీరు ఆగలేదు.

మజ్జిగ త్రాగుచు ఆ పిల్లవాడు అప్పుడు అడిగినాడు. అతనికి సంబంధము చూచుచున్నారట. మోతపని అని తెలిసిన పిల్లనివ్వరని తల్లి భయపడి, పట్నములో ఆఫీసు ఉద్యోగమని చెప్పినదట. "అబద్ధం నాకు నచ్చలేదండి. నిజం చెప్పడానికి సిగ్గుగా ఉందండి. మా పనిలో పుణ్యం ఉంటుందాండి?" అన్నాడు. నేను "ఏ పనియైనను దైవకార్యమే నాయనా" అని ఊరక అనినాను. అతడు మర్యాదకు తల యూపినాడు. అది ఉత్తమాట యని అతనికిని తెలియును, నాకును తెలియును. ఉదయము భారహారుడని తిట్టిన నోటితో సాయంకాలము దైవకార్యమన్న ఎవరు నమ్ముదురు?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను తిట్టుగా వాడిన ఆ మాటనే తలచుకొన్నాను. అది యాస్కాచార్యుల నిరుక్తములోనిది. వేదమును వల్లించి అర్థము నెరుగనివాడు ఉత్త బరువు మోయు మోడువంటి వాడని ఆయన చెప్పినారు. సుశ్రుతుడును తన సంహితలో, గంధపుచెక్కలు మోయు గాడిదకు బరువే తెలియునుగాని గంధము తెలియదన్నాడు. ఈ మాటను ఎన్నియో మార్లు విద్యార్థులపై ప్రయోగించినాను. కాని శ్రద్ధగా చూడుడు. ఆ మహనీయులు నిందించినది మోయుటను కాదు. ఏమి మోయుచున్నామో ఎరుగకపోవుటను. ఆ పిల్లవానికి తాను మోయునది తెలియును. అది అట్టపెట్టె కాదని, ఒక ముసలివాని తాతగారని తెలిసియే ఒడిలో పెట్టుకొన్నాడు. ఎరుగనివాడను నేను. గ్రంథముల విలువ తెలిసినది, ఎదుట నిలిచిన మనుష్యుని విలువ తెలియలేదు. ఆనాటి భారహారుడను నేనే.

భారమను మాటకు మూలమైన 'భృ' ధాతువునకు ధారణము, పోషణము అని రెండర్థములు. మోయువాడే పోషించువాడు. భర్త, భృత్యుడు అను మాటలును దానినుండియే పుట్టినవి. భరతుడను పేరును అంతే. మన పురాణేతిహాసములలోని ఇద్దరు భరతులను స్మరించుడు.

శ్రీరామచంద్రుని పాదుకలను శిరస్సుపై మోసినవాడు ఒక భరతుడు. రాజ్యము తనది కాదని, అన్నగారు ఉంచిన సొత్తని పదునాలుగేండ్లు కాపాడి, తిరిగి అప్పగించినాడు. ఇట్లు ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన వస్తువును ధర్మశాస్త్రము నిక్షేపమన్నది. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము తరువాత రెండవది ఈ నిక్షేపమే. ఇల్లు మారు నాడు గృహస్థు సర్వస్వమును ఎవరో నలుగురి చేతిలో పెట్టును. పాత ఇల్లు ఖాళీ. క్రొత్త ఇల్లు ఇంకను ఇల్లు కాలేదు. ఆ ఒక్కరాత్రి నా ఇల్లు ఎక్కడను లేదు; ఆ పిల్లవాని చేతిలో నున్నది. దానిని చెక్కు చెదరక అప్పగించుట భరతుని ధర్మమే.

రెండవవాడు భాగవతమున పంచమ స్కంధములోని జడభరతుడు. సింధు సౌవీర దేశముల రాజైన రహూగణుడు కపిల మహర్షి దర్శనమునకు పల్లకిలో పోవుచు, ఇక్షుమతీ తీరమున బోయీ ఒకడు తక్కువైనందున ఈ మహాత్ముని పట్టి మోయించినాడు. ఆయన కాలిక్రింద చీమ పడునేమోయని ముందు నేలను చూచి అడుగు వేయును. మిగిలినవారి నడకతో కలియక పల్లకి కుదుపునకు లోనైనది. రాజు వెటకారముగా ఆక్షేపించినాడు. ఆయన కోపింపక, ఈ బరువు ఎవరిది, మోయునది ఎవరు, నేలమీద పాదములు, వానిపై తొడలు, నడుము, భుజములు, వానిపై పల్లకి, దానిలో రాజునను పేరుగల మట్టి – ఇందులో ఎవరు ఎవరిని మోయుచున్నారని ప్రశ్నించినాడు. రాజు వెంటనే దిగి పాదములపై పడినాడు. పల్లకిలో కూర్చున్నంతవరకు రహూగణునకు జ్ఞానము కలుగలేదు. దిగిన పిమ్మటనే కలిగినది. నేనును నా పాండిత్యపు పల్లకి దిగవలసి వచ్చినది.

ఇంతకును వేదపాఠి చేయు పని ఏమి? అదియును మోతయే. తైత్తిరీయ సంహిత ఏడు కాండలు, నలువదినాలుగు ప్రశ్నలు, 651 అనువాకములు. ఒక్కొక్క అనువాకమును ఏబదేసి పదముల పనసలుగా విభజించినారు. అట్టివి 2198 పనసలు. అనువాకము ముగిసిన చోట పనసల చివరి పదములను, మిగిలిన పదముల లెక్కను చదువుదుము. ఎందులకు? ఒక్క పదము దారిలో జారిపోకుండుటకు. ఒక తరమునుండి మరియొక తరమునకు స్వరము చెడక ఈ సామాను చేరవేసినందులకే 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయమును మానవజాతి వారసత్వములో మేటిగా గుర్తించినది. ఆ పిల్లవాడు పెట్టెలపై అంకెలు వేసి, చివర లెక్క అప్పగించినప్పుడు, ఇది మా పనస లెక్కయే గదా యని నాకు తోచినది. శ్రీశైలం జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు తరలించి తిరిగి నిలిపినారు. ఈశ్వరుడు సహితము ఒకనాడు మోతగాండ్ర చేతులమీదుగా ఇల్లు మారినాడు.

తిరుమలలో తిరుమలనంబి వారు స్వామి అభిషేకమునకు పాపవినాశనమునుండి ప్రతిదినము కుండతో నీరు మోసినారు. వృద్ధాప్యమున ఆయన శ్రమ చూడలేక స్వామి వేటగాని రూపమున వచ్చి, తాతా యని పిలిచి, ఆ నీరు త్రాగి, దగ్గరలోనే ఆకాశగంగను చూపినాడని సంప్రదాయము. నేటికిని ఏటేటా ఆ నీటి మోతకు ఉత్సవము జరుగుచున్నది. భగవంతుడు తాత యని పిలిచినది తర్కము చెప్పినవాని నోటిని కాదు; నీరు మోసినవాని భుజమును.

అయితే ఒక హెచ్చరిక. పుణ్యమను మాట చెప్పి కష్టమును కప్పిపుచ్చరాదు. మోయువాని మోకాళ్ళు అరుగును, నడుము పట్టును. వయసు మీరినచో ఆ పని సాగదు. మహారాష్ట్రలో 1969లో హమాలీల సంక్షేమమునకు ప్రత్యేకముగా చట్టము చేసినారు. కేరళలో 1978లో చేసినారు. చట్టము చేయవలసినది చట్టము చేయును. గృహస్థులమైన మనము చేయవలసినది మనము చేయవలెను. వచ్చినవారికి ముందుగా మంచినీరు ఇండు. ఏ పెట్టె బరువో, ఏది పగులునో దాచక చెప్పుడు. అపార్టుమెంటులో లిఫ్టు ఉండగా మెట్లెక్కుమనకుడు. ఒప్పుకొన్న సొమ్మును గుమ్మములో బేరమాడి తగ్గింపకుడు. భోజనవేళ అయినచో కూర్చుండబెట్టి పెట్టుడు. రాజు బోయీ పేరు అడుగలేదు, మీరు అడుగుడు.

మోతపనిలోని సోదరులకును ఒక మాట. సగము దారిలో సామాను ఆపి సొమ్ము పెంచి అడుగువారును ఈ వృత్తిలో కలరు. అది నిక్షేపమును మ్రింగుటతో సమానము. గర్వము వేరు, ఆత్మగౌరవము వేరు. తన బరువును ఇతరులపై త్రోయునది గర్వము. తనకప్పగించిన బరువును దింపవలసిన చోటనే దింపునది ఆత్మగౌరవము. రెండవది కలవాడు ఎవరి ఎదుటను తన పని పేరు చెప్పుటకు తల వంచనక్కరలేదు.

గత మాసమున బిల్లు కాగితముపైనున్న అంకెలు చూచి ఆ పిల్లవానికి ఫోను చేయించినాను. ముందు క్షమింపుమన్నాను. "అయ్యయ్యో, అంత మాట వద్దండి" అని నొచ్చుకొన్నాడు. పిదప ఇప్పుడు మీకు చెప్పినదంతయు క్లుప్తముగా చెప్పినాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "పిల్ల తండ్రిగారితో నిజం నేనే చెబుతానండి. ఆయనేమంటే అదే" అన్నాడు. ఈ సభకు రమ్మంటిని. "ఆ రోజు విశాఖపట్నం లోడు ఉందండి. ఎవరో ముసలమ్మగారి ఇల్లు. దింపేసి వస్తాను" అన్నాడు.

ఈ క్షణమున అతడు ఏ మెట్లమీదనో యుండును. వాని అడుగు తడబడకుండునుగాక యని మనమందరము ఆ వేంకటేశ్వరుని ప్రార్థింతము. అతడు మోయునది ఒక అమ్మ ఇల్లు.

స్వస్తి.