వృద్ధాప్యంలో నరమూ, కండా
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



షుగరు గురించి, గుండె గురించి ఏటా ఇక్కడ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మేము ఈసారి కాళ్ళ గురించి చెప్పదలచుకున్నాము. మన పెద్దవాళ్ళు కొందరు దస్తర్‌ఖాన్ దగ్గర నుండి లేవడానికి మనవడి చెయ్యి అడుగుతారు. సజ్దా నుండి లేచేటప్పుడు రెండు చేతులూ నేలకు గట్టిగా ఆనిస్తారు. కొన్నాళ్ళకు కుర్చీ వేయించుకుంటారు. మోకాళ్ళు అరిగాయండీ అంటారు. అరిగితే అరిగి ఉండవచ్చు, కాని తొడలో కండ తరిగిన సంగతి ఎవరూ చూడరు.

కండ తరగడం తిండి తగ్గడం వల్లనే అనుకుంటాం. అదీ ఉంది. కాని అసలు సంగతి తెలియాలంటే వెన్నుపాము దాకా వెళ్ళాలి. అక్కడున్న ఒక్కొక్క నరకణం నుండి ఒక్కొక్క తీగ బయలుదేరి, కండలోకి వచ్చి కొమ్మలుగా చీలి, కొన్ని కండపోగులను తన కింద ఉంచుకుంటుంది. కన్ను తిప్పే కండరాల్లో ఒక నరకణం కింద పదో పరకో పోగులుంటే, పిక్కలో వెయ్యికి పైగా ఉండవచ్చు. నరం కొసకూ పోగుకూ మధ్య సన్నని ఎడం ఉంటుంది. కబురు రాగానే నరం కొస ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆ ఎడంలోకి వదులుతుంది. అది అందుకుని పోగు ముడుచుకుంటుంది. ఆ ముడుచుకునే శక్తి రహస్యం విప్పినవారిలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. 1927లో ఫిస్కేతో కలిసి కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. మన పిల్లల్లో ఎందరికి ఆయన పేరు తెలుసో! అది వేరే సంగతి.

1977లో టామ్లిన్సన్, ఇర్వింగ్ అనే ఇద్దరు, మరణించినవారి వెన్నుపాములు పరిశీలించి కాళ్ళకు పోయే నరకణాలను లెక్కబెట్టారు. 60 ఏళ్ళ దాకా తరుగు కనబడలేదు. ఆ తర్వాత తగ్గుతూ వచ్చాయి. కొందరిలో యౌవనంలో ఉండేవాటిలో సగమే మిగిలాయి.

నరకణం చచ్చిపోతే దాని పోగులు అనాథలవుతాయి. మన వీధిలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే ఏం చేస్తాం? పక్క వీధి నుండి వైరు లాక్కుంటాం. ఇక్కడా అంతే. పక్క నరం కొత్త కొమ్మ వేసి కొన్ని పోగులను ఆదుకుంటుంది. లోడు పెరుగుతుంది, పట్టు మొరటవుతుంది. ఆదుకోలేనివి ఎండిపోతాయి. ముఖ్యంగా దెబ్బ తినేవి చురుకు పోగులు, అంటే కాలు తట్టుకున్నప్పుడు చటుక్కున నిలబెట్టేవి. ముసలివాళ్ళు తూలితే ఆపుకోలేక పడిపోవడానికి ఇదొక కారణం. ఇలా కండ తరగడానికి 1989లో రోజెన్‌బర్గ్ అనే ఆయన గ్రీకు మాటలతో సార్కోపీనియా అని పేరు పెట్టారు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. 2018లో మా అబ్బాజాన్‌కు న్యుమోనియా వచ్చింది. వారంలో జ్వరం దిగింది. కాని మేము ఇంకో పదిహేను రోజులు ఆయన్ని మంచం దిగనివ్వలేదు. నీళ్ళు మంచం దగ్గరికి, అన్నం మంచం దగ్గరికి. ఆయన లేవబోతే, "పడుకోండి అబ్బా, మేమున్నాం గదా" అనేవాళ్ళం. అదే సేవ అనుకున్నాము. మూడో వారంలో ఆయన మరుగుదొడ్డి నుండి లేవలేకపోయారు. గొంతెత్తి పిలవడానికి సిగ్గుపడి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయారు.

తర్వాత తెలిసింది. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో, సగటున 67 ఏళ్ళ ఆరోగ్యవంతులు పది రోజులు మంచాన ఉంటే, కాళ్ళలోనే దాదాపు ఒక కిలో కండ పోయిందట. వాళ్ళు జబ్బుపడ్డవాళ్ళు కూడా కారు!

పోయిన నరకణం తిరిగి రాదు. ఇంతవరకు దీనికి మందుబిళ్ళ లేదు. టానిక్కుల ప్రకటనలు నమ్మకండి. కాని మిగిలిన నరానికీ పోగుకూ పని చెబితే అవి వింటాయి. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ళ వారికి ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. పదిమందిలో తొమ్మిదిమంది చివరిదాకా నిలిచారు. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. నడక ఒక్కటే చాలదన్నమాట, కండకు బరువు తెలియాలి.

మా ఇంట్లో కుర్చీతోనే మొదలుపెట్టించాము. రోజుకు మూడు పూటలా, చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. మొదటిరోజు రెండుసార్లు లేచేసరికే ఆయాసపడ్డారు. మూడు నెలలకు ఒంటరిగా వీధి చివరి టీ కొట్టు దాకా వెళ్ళారు. మేడమెట్లు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. ఆ పదిహేను రోజులూ మాకింకా గుర్తే.

తిండి మాట ఒకటి. ముసలితనంలో గంజి, చారన్నం చాలులే అనకండి. కిలో బరువుకు ఒక గ్రాము, ఇంకాస్త పైన ప్రొటీను కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేప ఏదైనా సరే. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరు చెప్పినట్టే తినాలి. ఒక పక్క కాలూ చెయ్యీ హఠాత్తుగా పట్టు తప్పితే అది వేరు, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

అదిగో, టీ ఇచ్చేచోట గోడకానించి చేతుల్లేని కుర్చీ వేయించాము. రెండు చేతులూ రొమ్ముకు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఆసియా దేశాల వైద్యులు 2019లో పెట్టిన లెక్క ప్రకారం 12 సెకన్లు, అంతకుమించి పడితే పరీక్ష చేయించుకోవాలి. గడియారం మా చేతిలో ఉంది. అరవై దాటినవారు ముందు రండి. పక్కన పట్టుకోవడానికి మా కుర్రవాళ్ళు నిలబడి ఉన్నారు.