జేబులో పట్టే స్పానిష్ నిఘంటువు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు స్పానిష్ నేర్చుకోవాలనుకునే వారికి దారి చాలావరకు ఇంగ్లీషు మీదుగానే. అందుకే వాళ్లు కొనేది ఇంగ్లీషు–స్పానిష్ చిన్న నిఘంటువే.

అట్ట మీది పదాల లెక్క చూసి మురిసిపోవద్దు. చిన్న పుస్తకంలో ఎక్కువ మాటలు ఇరికిస్తే అక్షరాలు కంటికి ఆనవు, ఉదాహరణలు మాయమవుతాయి.

లెక్క కన్నా మీ పనికొచ్చే మాటలున్నాయా అన్నదే ముఖ్యం. ఉదాహరణకు, ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని స్పెయిన్‌కు అమ్మాలనుకునే వ్యాపారి చెంచా, చెక్క, ధర, బరువు అనే మాటలను అంగడిలోనే వెతికి చూడాలి. అవి దొరకని పుస్తకం ఎంత అందంగా ఉన్నా అతనికి దండగే!

నామవాచకం పక్కన లింగం తప్పనిసరిగా ఉండాలి. 'మానో' అంటే చెయ్యి. 'ఓ'తో ముగిసినా స్త్రీలింగం. 'మాపా' అంటే పటం; 'ఆ'తో ముగిసినా పుంలింగం. ఊహతో తేలే వ్యవహారం కాదిది. ఇక ఇంగ్లీషులో ఒక్క 'బీ' క్రియ ఉన్నచోట స్పానిష్‌లో 'సెర్', 'ఎస్తార్' అని రెండున్నాయి. ఏది ఎక్కడ వాడాలో చూపే వాక్యాలు కావాలి. క్రియారూపాల పట్టిక కూడా చివర్లో ఉంటే మేలు.

పాత పుస్తకాలు చవకే. అయితే స్పానిష్ అకాడమీలు 1994లో అకారాది క్రమం మార్చాయి. అంతకుముందు 'సీహెచ్', 'ఎల్ఎల్' జంటలు విడి అక్షరాలు. వాటితో మొదలయ్యే మాటలు వేరే విభాగాల్లో ఉండేవి.

మన సి.పి. బ్రౌన్ 1852లో తెచ్చిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు బల్లమీద ఉంచుకునే గ్రంథం. ప్రయాణానికి మాత్రం సంచిలో తేలిగ్గా ఇమిడేదే కొనండి.